తీయడానికి 33 లక్షలు, చూపించడానికి 17

మా తమ్ముడు డైరెక్టరు, నేను నిర్మాతని. నిర్మాత అంటే ఏమిటో నాకు అప్పటికి తెలిసింది ఒక్కటే. ధవళేశ్వరం వైపు ఉన్న సైటు అమ్మి పద్దెనిమిది లక్షలు తెచ్చిన మనిషి.

రాజమండ్రిలో ఒక టాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో పదిహేనేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. ఎరువుల కొట్లు, రైసు మిల్లులు, నర్సరీలు, అందరి పద్దులూ చూసినదాన్నే కదా, సినిమా లెక్క ఎంతలే అనుకున్నాను. సైటు డబ్బుకి తోడు చీటీ పాడితే వచ్చిన ఐదు లక్షలు, తమ్ముడి స్నేహితులు నలుగురు తలా రెండు వేసుకున్న ఎనిమిది కలిపితే 31 లక్షలయ్యాయి. బడ్జెట్ 30 అన్నాడు తమ్ముడు. ఒక లక్ష మిగులుతుందని సంతోషించిన మాట దాచను.

కథ కడియపులంక నర్సరీల్లో జరుగుతుంది. మొక్కలకి అంట్లు కట్టే కూలీ అమ్మాయి కథ. గోదావరి గట్టు, కొబ్బరితోట, పెంకుటిల్లు ఉన్న ఊళ్ళలో తీద్దామంటే అక్కడ ఇళ్ళవాళ్ళకి షూటింగు రేట్లు మాకంటే బాగా తెలుసు. అరుగు మీద కూర్చునే సీనుకి ఒక రేటు, లోపలికొస్తే ఇంకో రేటు చెప్పారు ఒకాయన. నర్సరీ యజమాని మాత్రం మా ఆఫీసు క్లయింటు. "మొక్కలు తొక్కకండి, నీళ్ళు పెట్టే టైముకి అడ్డం రాకండి" అని రెండు షరతులు పెట్టి ఊరికే ఇచ్చాడు. వేషాలు కూడా చాలావరకు ఊరివాళ్ళకే ఇచ్చాం. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో ఆ పేట మనుషులే నటించారు కదా, మా తమ్ముడికి అది బైబిలు. హైదరాబాదు నుంచి ఇద్దరినే పిలిపించి, మిగతావాళ్ళకి రోజుకూలీ లెక్కన ఇచ్చాం.

మా చిన్నాన్న ఎనభైల్లో మద్రాసులో, తర్వాత హైదరాబాదులో ప్రొడక్షన్ మేనేజరుగా చేశాడు. ఇప్పుడు ఇక్కడే ఇంట్లో ఉంటున్నాడు. ఆయన మా సెట్టుకి మొదటిసారి వచ్చిన రోజు తమ్ముడు ఒకే షాట్‌కి పదకొండో టేకు తీస్తున్నాడు. చిన్నాన్న కుర్చీలో కూర్చోలేకపోయాడు.

"అమ్మాయ్, వీడికి కెమెరా ఆపడం రాదా?"

"రీలు కాదు చిన్నాన్నా, కార్డులో పడిపోద్ది. ఖర్చుండదు."

ఆయన వేళ్ళ మీద లెక్కేసి చెప్పాడు. 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు తింటుంది. వెయ్యి అడుగుల డబ్బా పదకొండు నిమిషాల్లో ఖాళీ. అందుకే అప్పట్లో రిహార్సల్ మీద రిహార్సల్ చేసి, గాలి కూడా ఆగాక "స్టార్ట్" అనేవారట. పదివేల అడుగుల సినిమాకి నలభై వేల అడుగుల నెగటివ్ ఇచ్చే నిర్మాత దొరికితే దేవుడే. మా తమ్ముడు చివరికి తీసినది నలభై గంటలు. చిన్నాన్న లెక్కలో అది రెండు లక్షల పదహారు వేల అడుగులు, అంటే 216 డబ్బాలు. సినిమాలో మిగిలింది గంటా యాభై రెండు నిమిషాలు.

రీలు ఖర్చు పోయిందన్నది నిజమే. కానీ నా పుస్తకంలో కెమెరా, లెన్సుల అద్దె రోజుకి తొమ్మిది వేల చొప్పున 24 రోజులకి 2,16,000 అయితే, ముప్పై మంది యూనిట్‌కి టిఫిన్లు, భోజనాలు, టీలు 2,37,600 అయ్యాయి. కెమెరా కంటే సాంబారు ఎక్కువ! పదకొండో టేకు తీస్తే ఖర్చయ్యేది రీలు కాదు, పూట. మధ్యాహ్నంతో అయిపోవలసింది సాయంత్రానికి జరుగుతుంది. జనరేటరు తిరుగుతూనే ఉంటుంది, ముప్పై ప్లేట్లు మళ్ళీ కడగాలి. ఈ సంగతి తమ్ముడికి పదహారో రోజుకి అర్థమైంది. అప్పటికి రెండు రోజులు వెనకబడ్డాం.

మాకు వచ్చిన అసలు చిక్కు మొక్కలతో. మొదటి షెడ్యూలు పద్నాలుగు రోజులు తీసి, మూడు వారాలకి మిగతా పది రోజులకి వెళ్ళాం. హీరోయిన్ వెనక వరసగా ఉండాల్సిన ఎర్ర బోగన్‌విల్లా లేదు. బెంగళూరు లారీ ఎక్కి వెళ్ళిపోయింది. నర్సరీ అన్నాక మొక్కలు అమ్ముకోరా మరి! నర్సరీ ఆయన పాపం తలగోక్కుని, "ముందే చెప్తే ఆపేవాణ్ణి కదమ్మా" అన్నాడు. అలాంటి రంగు మొక్కల కోసం నాలుగు నర్సరీలు తిరిగి అద్దెకి తెచ్చాం. ఇంకో సీనుకి కావలసిన ఫాక్స్‌టెయిల్ పామ్ మొక్కలు కూడా ఎక్కడ పోతాయోనని 130 మొక్కలు, ఒక్కోటి 200కి కొనేశాను. 26,000. 'ప్రాపర్టీ' అనే పద్దు కింద రాశాను. తమ్ముడు నవ్వాడు.

సౌండు దగ్గర ఇంకో దెబ్బ. సెట్లోనే మాటలు రికార్డు చేద్దాం, డబ్బింగు ఖర్చు తప్పుతుంది, సహజంగా ఉంటుంది అని సింక్ సౌండ్ పెట్టుకున్నాం. హైవే పక్కన నర్సరీ. అంట్లు కడుతూ అమ్మాయి గుసగుసగా మాట్లాడే సీనులో లారీ ఎయిర్ హారన్లు. సౌండ్ కుర్రాడు హెడ్‌ఫోన్స్ తీసి నా వైపు చూసే చూపు ఇప్పటికీ గుర్తుంది. సగం సినిమా మళ్ళీ హైదరాబాదులో డబ్బింగు చెప్పించాం. ఊరివాళ్ళని రైలెక్కించి తీసుకెళ్ళాం. మైకు ముందు నిలబెడితే, పొలంలో గలగలా మాట్లాడినవాళ్ళు రేడియో వార్తల్లా చదివారు. ఒక పెద్దావిడకి మైకు కనపడకుండా వెనక్కి తిప్పి కూర్చోబెడితే గానీ మాట రాలేదు.

షూటింగుకి ఇరవై ఒకటిన్నర లక్షలు, ఎడిటింగు, డబ్బింగు, కలర్, సంగీతం, మిక్సింగు కలిపి పదకొండు లక్షల నలభై వేలు. దగ్గర దగ్గర 33. లక్ష మిగలాల్సింది పోయి రెండు లక్షలు అప్పు తేలింది. సరేలే, సినిమా చేతిలో ఉంది, ఇక డబ్బు రావడమే తరువాయి అనుకున్నాను. చిన్నాన్న ఏమీ అనలేదు. టీ తాగి, "విడుదలకి ఎంత ఉంచావమ్మా?" అన్నాడు.

విడుదలకి ఉంచాలని నాకు ఎవరూ చెప్పలేదు.

సెన్సార్ గురించి ముందు చెప్తాను, ఎందుకంటే భయపడినంత కష్టం కాలేదు. దరఖాస్తు ఆన్‌లైన్లోనే, ఈ-సినీప్రమాణ్‌లో. మమ్మల్ని ఆపినవి రెండు. ఒకటి ఎద్దు. మొక్కల బండి లాగే ఎద్దు నలభై సెకన్లు ఉంది. జంతువుని వాడితే యానిమల్ వెల్ఫేర్ బోర్డు అనుమతి కావాలి, దాని ఆఫీసు హర్యానాలో బల్లభ్‌గఢ్‌లో. షూటింగుకి ముందే తీసుకోవలసింది. మేం ఎద్దుకి అరటిపళ్ళు పెట్టి తీశాం గానీ కాగితం తీసుకోలేదు. నలభై సెకన్లూ తీసేశాం. రెండోది చుట్ట. తాత పాత్ర సినిమా అంతా చుట్ట కాలుస్తాడు, గోదావరి తాత కదా. పొగాకు కనపడితే సినిమా మొదట్లో, మధ్యలో హెచ్చరిక చిత్రాలు వేయాలి, చుట్ట కనపడినంతసేపూ కింద అక్షరాలు ఉండాలి. తాత చనిపోయే ముందు చివరి చుట్ట ముట్టించే సీను మా తమ్ముడి ప్రాణం. దాని కింద "పొగ తాగడం ఆరోగ్యానికి హానికరం" అని చూసి వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కొత్త పద్ధతిలో యూఏ 13+ వచ్చింది, అంటే పదమూడేళ్ళలోపు పిల్లలు చూడొచ్చా లేదా అన్నది తల్లిదండ్రులు తేల్చుకోవాలి.

టైటిల్ కూడా మేం పెట్టుకున్నది అప్పటికే వేరేవాళ్ళ పేరున రిజిస్టరై ఉంటే, ముందు ఒక మాట తగిలించి గట్టెక్కాం.

డిస్ట్రిబ్యూటర్ల దగ్గరికి వెళ్ళినప్పుడు నా కళ్ళు తెరుచుకున్నాయి. చిన్నాన్న రోజుల్లో సినిమా మొదలుపెట్టడానికి విజయవాడ గాంధీనగర్ వెళ్ళేవాళ్ళు. అక్కడి ఫిల్మ్ ఆఫీసుల్లో కృష్ణా, గుంటూరు, ఈస్టు, వెస్టు, నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ) అంటూ ఏరియాల వారీగా అమ్మి, ఆ అడ్వాన్సులతోనే షూటింగు చేసేవాళ్ళు. కొన్నవాడు తన డబ్బు కోసమైనా థియేటర్లు పట్టుకునేవాడు. ఆయన ఇంకా వెనక్కి వెళ్తాడు. "మన రాజమండ్రిలోనే 1936లో నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ స్టూడియో కట్టారు. తెలుగు సినిమా తీయాలంటే బొంబాయి, కలకత్తా పరిగెత్తే రోజుల్లో! ఊళ్ళో స్టూడియో ఉన్నా పరిశ్రమ మద్రాసుకే పోయింది కదా. మెషీన్లుంటే చాలదమ్మా."

ఇప్పుడు చిన్న సినిమాని ముందుగా కొనేవాడు లేడు. మేం కలిసిన ఒక డిస్ట్రిబ్యూటరు మర్యాదగానే చెప్పాడు. "సినిమా బావుందమ్మా. కొనను. కమీషన్ మీద ఆడిస్తాను, ఖర్చులు మీవి." అంటే పోస్టర్లు మావి, డిజిటల్ ఛార్జీలు మావి, వచ్చినదాంట్లో పది శాతం ఆయనది, రాకపోతే నష్టం మాది. అందులో ఆయన తప్పేమీ లేదు. నేను ఆయన ఆడిటర్నైతే నేనూ అదే చెప్తాను.

డిజిటల్ ఛార్జీల సంగతి విని మాత్రం నాకు ఒళ్ళు మండింది. పాతరోజుల్లో ఒక్కో ప్రింటుకి యాభై అరవై వేలు పెట్టి, రీళ్ళ పెట్టెలు బస్సు టాపుల మీద వేసి పంపేవారు. ఇప్పుడు ప్రింటు లేదు, హార్డ్ డిస్కో శాటిలైటో. మరి డబ్బు దేనికి? థియేటర్లలో డిజిటల్ ప్రొజెక్టర్లు పెట్టిన కంపెనీలు ఆ పెట్టుబడి రాబట్టుకోవడానికి ఒక్కో స్క్రీన్‌కి ఇంతని నిర్మాత దగ్గర తీసుకుంటాయి. దాన్నే వర్చువల్ ప్రింట్ ఫీజు అంటారు. లేని ప్రింటుకి ఉన్న ఫీజు. 2018 మార్చిలో ఈ ఛార్జీల మీదే గొడవై రెండు తెలుగు రాష్ట్రాల్లో కొన్నాళ్ళు థియేటర్లు మూతపడ్డాయి కూడా. పెద్ద సినిమాకి ఇది లెక్కలోది కాదు. స్క్రీన్ నిండితే ఒక్క ఆటలో వచ్చేస్తుంది. మాకు 16 స్క్రీన్లకి మాస్టరు ఫైలుతో కలిపి 2,05,000. చిన్నాన్న నవ్వి, "డబ్బా పోయింది గానీ డబ్బా అద్దె పోలేదన్నమాట" అన్నాడు.

పబ్లిసిటీకి తొమ్మిది లక్షల అరవై వేలు. ఇది నోరుమూసుకుని రాసుకున్న పద్దు. వాల్ పోస్టర్లు, పేపరు ప్రకటన ఒకటి, ట్రైలరు పెట్టుకోవడానికి, ఎవరెవరో యూట్యూబులో మాట్లాడటానికి. ఎవరి మాటకి ఎంతో అడగొద్దు. మిగతాది థియేటర్లకి కట్టిన అడ్వాన్సులు, ఆఫీసు ఖర్చులు, సెన్సార్, వకీలు. అన్నీ కలిపి పదిహేడు లక్షలు. మా ఆయన ఏమీ అనకుండా బీరువా తాళాలు నా చేతిలో పెట్టాడు. గోల్డ్ లోను ఆ వారమే.

ఒక లెక్కలమనిషిగా నా గోడు ఇంకొకటి. కెమెరా అద్దెకి, స్టూడియోకి 18 శాతం జీఎస్టీ కడతాం. ఆ పన్నుని మనకి వచ్చే ఆదాయం మీద పన్నులో సర్దుకోవచ్చు, బ్యానరు జీఎస్టీ రిజిస్ట్రేషను ముందే ఉంటే. ఊరందరికీ రిజిస్ట్రేషన్లు చేయించే నేను మా బ్యానరుకి షూటింగు సగమయ్యాక చేయించాను. వైద్యుడి ఇంట్లో రోగం అంటారు, అదే. ఒక్కొక్కరికి యాభై వేలు దాటి ఇచ్చిన చెల్లింపులన్నీ ఆదాయపు పన్ను వాళ్ళకి అప్పటి ఫారం 52ఏలో చెప్పాలన్న సంగతి మాత్రం మర్చిపోలేదు. తమ్ముడి స్నేహితులకి ఆ ఫారం ఉందనే తెలియదు.

2025 జూలైలో ఒక శుక్రవారం విడుదల. టికెట్ 99 పెట్టాం. జనం కోసమే కాదు, అప్పటికి వంద లోపు టికెట్‌కి జీఎస్టీ 12, దాటితే 18. రాజమండ్రిలో మొదటి రోజు నాలుగు ఆటలకి 143 మంది. అందులో నలభై మంది మా చుట్టాలే. రాత్రి డీసీఆర్, అంటే రోజువారీ కలెక్షన్ కాగితం, చేతికొచ్చింది. 143 టికెట్లకి 14,157. పన్ను పోగా 12,640. మాలాంటి సినిమాకి అక్కడ థియేటరుది అరవై శాతం, మాది నలభై. అంటే 5,056. డిస్ట్రిబ్యూటరు కమీషన్ పోగా 4,550. ఆ ఒక్క స్క్రీన్‌కి మేం కట్టిన డిజిటల్ ఛార్జీయే పదివేల పైన.

అదీ మాకు బాగా ఆడిన రోజు.

సోమవారం మధ్యాహ్నం ఆటకి పదకొండు మంది. పదిమంది లేకపోతే ఆట వేయరు. ఏసీ, కరెంటు ఖర్చు కూడా రాదు, వాళ్ళనీ అనలేం. మంగళవారం కాకినాడలో ఆరుగురే ఉన్నారని ఫోనొస్తే, నేను ఆఫీసులో కూర్చుని ఆన్‌లైన్లో నాలుగు టికెట్లు కొన్నాను. ఆట పడింది. ఆ ఆరుగురిలో ఒకాయన బయటికొచ్చి థియేటరు మేనేజరుని "ఈ అమ్మాయి నిజంగా నర్సరీలో పనిచేస్తదా?" అని అడిగాడట. తమ్ముడు ఆ మాట వాట్సాప్‌లో అందరికీ పంపాడు. నాకు 396 ఖర్చు.

నోటిమాట పాకడానికి చిన్న సినిమాకి కనీసం పదిరోజులు కావాలి. మాకు దొరికింది ఆరున్నర. తర్వాతి శుక్రవారం పెద్ద సినిమా వచ్చింది, పదహారు స్క్రీన్లలో రెండు మిగిలాయి, అవీ పొద్దుటాటకే.

అప్పుడు కూర్చుని పాత విజయాల్ని ఇంకోసారి చూశాను, నా కళ్ళతో, అంటే పద్దుల పుస్తకం కళ్ళతో. కొత్తవాళ్ళతో తక్కువలో తీసి గెలిచిన సినిమా అంటే అందరూ 2000లో తేజ తీసిన 'చిత్రం' పేరే చెప్తారు. దాన్ని తీసింది ఉషాకిరణ్ మూవీస్. ఆ ఇంట్లోనే దినపత్రిక, టీవీ ఛానలు, పంపిణీ సంస్థ ఉన్నాయి. 2016లో వచ్చిన 'పెళ్ళి చూపులు' విడుదల వెనక సురేష్ ప్రొడక్షన్స్ ఉంది. మా తమ్ముడి బైబిలు 'కంచరపాలెం'ని సమర్పించింది రానా. ఆ సినిమాల గొప్పతనం తక్కువ చేయడం లేదు, నాకు మూడూ ఇష్టమే. కానీ మేం వాటిలో తీసిన ఖర్చు మాత్రమే చదివాం, చూపించిన ఖర్చు ఎవరి పద్దులో పడిందో చదవలేదు. మా తమ్ముడితో ఇది అంటే, "అక్కా, అయితే ముందు పెద్దవాళ్ళకి చూపించాల్సింది" అన్నాడు. చూపించాంరా, ఇద్దరికి. ఒకరు ఇరవై నిమిషాలు చూశారు, ఇంకొకరి ఆఫీసు నుంచి ఇంకా ఫోను రావాలి.

ఓటీటీ ఉంది కదా అని అందరూ అడుగుతారు. ఉంది. పెద్ద మొత్తం ఇచ్చి కొనడం మా స్థాయి సినిమాలకి జరగలేదు. జనం చూసిన గంటల లెక్కన డబ్బు ఇచ్చే ఒప్పందం ఒకటి, మధ్యవర్తి ద్వారా. మూడు నెలలకోసారి స్టేట్‌మెంటు వస్తుంది. విచిత్రమేమిటంటే థియేటర్లో చూడని మా కడియం వైపు మనుషులు దుబాయ్, కువైట్‌లలో బాగానే చూశారు. ఇప్పటిదాకా థియేటర్ల నుంచి 2,84,000, ఓటీటీ నుంచి 3,10,000, పాటల హక్కులకి 60,000. ఖర్చు యాభై. తమ్ముడి స్నేహితులు నలుగురూ ఇంటికొస్తూనే ఉన్నారు, ఒక్కడూ డబ్బు మాట ఎత్తడు. అదే నాకు నిద్ర పట్టనివ్వదు. చీటీ నెలనెలా కడుతున్నాను. గోల్డ్ లోను ఒకసారి తిరగరాయించాను.

తమ్ముడు మళ్ళీ కథ రాస్తున్నాడు. ఈసారి ఒకటే ఇల్లు, నలుగురు మనుషులు, పన్నెండు రోజులు అన్నాడు. విడుదలకి ఎంత అని అడిగాను. "నువ్వు చెప్పక్కా" అన్నాడు. కథ కంటే ముందు అది తేలాలని, సగం డబ్బు బ్యాంకులో పక్కన పెట్టాకే మొదటి షాట్ అని చెప్పాను. తల ఊపాడు. వాడు తల ఊపడం నాకు కొత్త కాదు.

మొన్న సంవత్సరాంతపు పద్దులు సర్దుతుంటే ఆ 130 పామ్ మొక్కలు గుర్తొచ్చాయి. షూటింగయ్యాక పిన్ని వాళ్ళ దొడ్లో పెట్టించి వదిలేశాం, పిన్నే నీళ్ళు పోసింది. నడుమెత్తు ఎదిగాయి. నర్సరీ ఆయనకి ఫోను చేస్తే వచ్చి చూసి, ఒక్కోటి 320కి మొత్తం పట్టుకుపోయాడు. 41,600. పిన్నికి ఒక చీర కొన్నాను. మిగతాది 'ప్రాపర్టీ' పద్దులో జమ రాశాను. ఆ పుస్తకం మొత్తంలో పెట్టినదానికంటే ఎక్కువ వచ్చిన వరస అదొక్కటే. అప్పుడు నవ్వినవాడికి ఆ పేజీ ఫోటో తీసి పంపాను.